ఆ గురువారం మళ్ళీ వస్తుందా?

వన్ టౌన్, విశాఖపట్నం
12 మార్చి 1978

చిరంజీవి త్రినాథుడికి,

మీ మావయ్య శ్రీరామ్మూర్తి దీవెనలు. నువ్వు క్యాంపుకి తిరిగి వెళ్ళి నెల దాటింది. అక్కడ నీళ్ళు కాచి తాగుతున్నావా? మీ అత్త అడగమంది. అడగమంది అంటే నోటితో కాదు. నేను ఇన్లాండు కాగితం తీయగానే వచ్చి గుమ్మం పక్కన నించుంది. చిలకమ్మ నాతో మాట్లాడడం మానేసింది కాబట్టి నేనే అర్థం చేసుకున్నాను.

గౌరి పోయి ఇవాళ్టికి యాభై రోజులు. పోర్టుకి వెళ్తూనే ఉన్నాను. ఓడలోంచి దిగే బస్తాలు లెక్కపెట్టడానికి మనసుతో పనిలేదు కదా. సాయంత్రాలు మాత్రం రామకోవెల వైపు పోవడంలేదు. పద్దెనిమిదేళ్ళుగా చెబుతున్న పురాణం ఆగిపోయింది. పురాణం వినే పోలిరాజు రోజూ వచ్చి "బావా, జనం అడుగుతన్నారు" అంటాడు. తలుపు వెనక కూచుని పలకను.

నిన్నొక మాట అడగాలని ఈ ఉత్తరం. నిరుడు వేసవిలో మీ ఆలుమగలిద్దరూ వచ్చినప్పుడు డాబా మీద కూచుని చెప్పావు. ఈ విశ్వమంతా ఒక చుక్కలోంచి పగిలి విస్తరిస్తోందనీ, ఏనాటికో మళ్ళీ ముడుచుకుని మళ్ళీ పగులుతుందని కొందరు శాస్త్రజ్ఞులు అంటారనీ. అప్పుడు గౌరి నవ్వి "అయితే నాన్న పురాణం, బావ పుస్తకం ఒకటేనేటి?" అంది. నువ్వు జవాబు చెప్పేలోగా మీ అత్త అన్నాలకు పిలిచింది.

ఆ జవాబు ఇప్పుడు కావాలి. మా లెక్కలో బ్రహ్మకు ఒక పగలంటే నాలుగువందల ముప్ఫై రెండు కోట్ల ఏళ్ళు. దాన్నే కల్పం అంటాం. చీకటి పడితే ప్రళయం. తెల్లారితే మళ్ళీ సృష్టి, ముందు ఎలా ఉండేదో అలాగే. భూమి వయసు నాలుగువందల యాభై కోట్లని నువ్వన్నావు. ఎవరు ఎవరికి చెబితే ఈ రెండూ ఇంత దగ్గరగా వచ్చాయి?

'అలాగే' అంటే ఎంతవరకు అలాగే, త్రినాథా? అందులో గౌరి ఉంటుందా?

రాళ్ళు చదువుకున్నవాడివి. నాకు తెలిసినవాళ్ళలో నిన్ను కాక ఇంకెవరిని అడగను? వీధిలోవాళ్ళు ఏజెన్సీ జ్వరం, క్యాంపు నుంచి గౌరి పెట్టెతో పాటే దిగింది అని ఏదో అంటున్నారు. నువ్వు మనసులో పెట్టుకోకు.

నీ జవాబుకి ఎదురుచూసే
శ్రీరామ్మూర్తి


డ్రిల్లింగ్ క్యాంపు, అనంతగిరి దగ్గర
21 మార్చి 1978

మావయ్యకు త్రినాథరావు నమస్కారం.

నీ ఉత్తరం బొర్రా స్టేషన్లో మూడు రోజులు పడి ఉంది. మా కుర్రాళ్ళు సామాన్లకు దిగినప్పుడు తెచ్చారు. నేను బాగానే ఉన్నాను. నీళ్ళు కాచే తాగుతున్నాను. అత్తకి చెప్పు.

ఏజెన్సీ జ్వరం గురించి రాశావు. మనసులో పెట్టుకోవద్దని రాశావు కాబట్టి పెట్టుకోను. గౌరికి మలేరియా బిళ్ళలు ఇచ్చే పంపాను. వేసుకుందో లేదో అక్కడున్నవాళ్ళకే తెలియాలి.

నువ్వడిగినదానికి జవాబు. విశ్వం ముడుచుకుని మళ్ళీ విచ్చుకుంటుందనే వాళ్ళున్నారు. మనం అణువుల కట్టుబడి. అణువులు ఎక్కడికీ పోవు. కాలానికి అంతు లేకపోతే అవే అణువులు ఏదో ఒకనాడు ఇదే కట్టుబడికి రాకతప్పదు. కాబట్టి గౌరి మళ్ళీ ఉండదని ఏ శాస్త్రమూ అనలేదు. నీ పురాణం, నా పుస్తకం ఒకే మాట చెబుతున్నాయనే అనుకో. గౌరి అడిగినదానికి అవునని నేనే అన్నాననుకో.

కోవెలకు వెళ్ళు మావయ్యా. ఇంట్లో కూచుంటే నువ్వూ మంచం పడతావు. ఇక్కడ కొండమీదికి మబ్బు ఇంకా రాలేదు, బోరు గొట్టం రాతిలో ఇరుక్కుని నాలుగు రోజులుగా పని సాగడంలేదు.

ఇక ఉంటాను,
త్రినాథరావు


వన్ టౌన్
9 ఏప్రిల్ 1978

నాయనా త్రినాథా,

నీ ఉత్తరం జేబులో పెట్టుకుని తిరుగుతున్నాను. ఇప్పటికి మడతల దగ్గర చిరిగింది.

ఉగాది నాడు కోవెలకు వెళ్ళాను. నా పీఠం మీద దుమ్ము కూడా తుడవలేదు, అలాగే కూచున్నాను. పోర్టు కూలీలు, చేపల రేవు ఆడవాళ్ళు, మన తగరపువలస వైపు నుంచి వచ్చి ఇక్కడ బతుకుతున్నవాళ్ళు, అరుగు నిండిపోయింది. నీ ఉత్తరం చదివి వినిపించాను. "రాళ్ళ శాస్త్రం చదివిన నా మేనల్లుడు రాశాడు, సృష్టి మళ్ళీ మళ్ళీ వస్తుందని సైన్సు కూడా ఒప్పుకుంది" అన్నాను. పోలిరాజు లేచి "నా తమ్ముడు సముద్రంలో పోయాడు బావా, ఆడు కూడా వత్తాడా?" అని అడిగాడు. వస్తాడన్నాను. వాడు ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. చాన్నాళ్ళకు కడుపునిండా అన్నం తిన్నాను.

మీ అత్తకి కూడా చదివి వినిపించాను. ఆమె విని లోపలికి వెళ్ళిపోయింది.

ఇప్పుడు ఇంకొక్క అనుమానం. అణువులు ఇదే కట్టుబడికి వస్తాయన్నావు. మనుషులు వస్తారు సరే. జరిగినవి కూడా వస్తాయా? గౌరి పుట్టిన రోజు, మీ పెళ్ళి, ఎవరు ఏ పూట ఎక్కడున్నారు, ఏమన్నారు, ఇవన్నీ కూడానా? ఈ సంగతి పురాణం తేల్చి చెప్పలేదు. నువ్వు తేల్చు.

తొందరగా రాయి.
మీ మావయ్య


క్యాంపు
20 ఏప్రిల్ 1978

మావయ్యా,

నువ్వు అన్నం తిన్నానని రాసిన వాక్యం రెండుసార్లు చదివాను. నా ఉత్తరం కోవెలలో చదవకుండా ఉంటే బాగుండేది. కానీ చదివేశావు.

అవును, అన్నీ వస్తాయి. ఒక్క ఇసుక రేణువు కూడా తేడా లేకుండా. పెళ్ళికి ముందు ఏడు భీమిలి ఒడ్డున గౌరి ఎర్ర గింజలున్న రాయి ఒకటి ఏరి "ఇది ఎన్నేళ్ళది బావా?" అంది. వందకోట్లకు పైమాటే అన్నాను. "అయితే పెద్దది, దండం పెట్టాల" అని నిజంగానే దానికి దండం పెట్టింది. ఆ పూట కూడా వస్తుంది. అదే రాయి, అదే దండం.

ఇక్కడ ఒంటరిగా ఉంటే నాకూ ఆ ఆలోచన హాయిగానే ఉంది. కింద లోయలో బైలడిల్లా ఇనుప రాయి వేసుకుని గూడ్సు బండ్లు మీ పోర్టుకి దిగుతుంటాయి. పోయిన బండే మళ్ళీ వస్తున్నట్టుంటుంది. నువ్వు గౌరిని మళ్ళీ కన్యాదానం చేస్తావు మావయ్యా. సంతోషంగా ఉండు.

నీ
త్రినాథుడు


వన్ టౌన్
2 జూన్ 1978

త్రినాథా,

జవాబు రాయడానికి నెలన్నర పట్టింది. నాలుగుసార్లు మొదలుపెట్టి చింపేశాను.

అన్నీ వస్తాయన్నావు. అయితే ఆ గురువారం కూడా వస్తుందన్నమాట.

ఈ మాట నాకు ముందే తట్టాల్సింది. తట్టలేదు. నీ ఉత్తరం చదివి నవ్వుకుంటూ పోర్టుకి వెళ్ళాను. జెట్టీ మీద నిలబడి బస్తాలు లెక్కపెడుతూ ఉంటే, నలభై ఒకటో బస్తా దగ్గర తట్టింది. ఆ తరువాత లెక్క పోయింది. పెద్ద గుమాస్తా వచ్చి భుజం పట్టుకుని పక్కకి కూచోబెట్టాడు. అప్పటినుంచి ఇంతే. ఏ పని మొదలెట్టినా మధ్యలో ఆ గురువారం వచ్చి నించుంటుంది.

ఎన్ని కల్పాలు గడిచాయో ఎవరికి తెలుసు? ఎన్నిసార్లు వచ్చిందో, ఇంకా ఎన్నిసార్లు వస్తుందో! ఒక్కటైనా మారే దారి లేదా? ఒక్క మనిషి ఒక్క పూట ఇంకోలా నడుచుకునే వీలు మీ శాస్త్రంలో ఎక్కడైనా ఉందా? పెద్ద పుస్తకాలు వెతుకు. ఉంటే వెంటనే రాయి. కోవెలకు మళ్ళీ పోవడంలేదు.

శ్రీరామ్మూర్తి


క్యాంపు
14 జూన్ 1978

మావయ్యా,

నీ మాట నాకు అర్థమైంది. పురాణాల్లో చుట్టి చెప్పక్కర్లేదు.

'ఒక్క మనిషి ఒక్క పూట ఇంకోలా నడుచుకునే వీలు' అని రాశావు. ఆ మనిషిని నేనే. గౌరిని డిసెంబరులో ఈ క్యాంపుకి తీసుకొచ్చింది నేనే. "ఆ అడివిలో పిల్లెందుకురా" అని నువ్వన్నావు, నేను వినలేదు. ఇరవై రోజులుంది. ఆమె దోమతెర తలవైపు బెత్తెడు చిరిగి ఉంది. మూడుసార్లు చెప్పింది. రేపు కుట్టిస్తానన్నాను. జనవరిలో ఆమెను రైలెక్కించినప్పుడు కూడా అది అలాగే ఉంది. ఇప్పుడు ఆ తెరలోనే నేను పడుకుంటున్నాను. కుట్టలేదు. నాకు మాత్రం జ్వరం రాదు.

మొదటి ఉత్తరంలోనే ఏజెన్సీ జ్వరం అన్నావు. వీధిలోవాళ్ళు అనలేదు, నువ్వే అన్నావు. మామూలుగా తిట్టు. 'నా కూతుర్ని చంపావు' అని తెలుగులో నాలుగు మాటలు రాయి. ఎదురు చెప్పను. బ్రహ్మనీ ప్రళయాన్నీ అడ్డం పెట్టి నెలకోసారి పొడవకు.

త్రినాథరావు


వన్ టౌన్
25 జూన్ 1978

నాయనా,

అయ్యో, నిన్ను కాదురా. దేవుడి సాక్షిగా నిన్ను కాదు. నీ దోమతెర సంగతి నాకు తెలియనే తెలియదు. ఆ మనిషిని నేను.

నీకు టెలిగ్రాం ఇచ్చినప్పుడు 'హఠాత్తుగా పోయింది' అని రాయించాను. అది అబద్ధం. గౌరికి జ్వరం సోమవారమే వచ్చింది. చలి పెట్టి వచ్చి, చెమట పట్టి దిగేది. బిళ్ళలు వేసింది, వాంతిలో పోయాయి. మంగళవారం నుంచి కోవెలలో నా సప్తాహం. ఏడు రోజులు సంకల్పం చెప్పుకుని పీఠం ఎక్కాను. గురువారం మూడో రోజు, సృష్టి ఘట్టం. నీళ్ళలో మునిగిన భూమిని వరాహస్వామి కోరమీద ఎత్తే చోటు. మన సింహాచలం దేవుడి కథ కదా, అరుగు కింద కూడా జనమే.

సాయంత్రం అయిదింటికి మీ అత్త పరుగెత్తుకొచ్చింది. జనంలోంచి దూరి వచ్చి నా చెవి దగ్గర "పిల్ల ఒల్లు కాలిపోతంది. ఏటేటో మాటాడతంది. నన్ను గుర్తుపట్టలేదు. లెగు" అంది.

"పీఠమ్మీదున్నాను. ఘట్టం మజ్జిలో లెగకూడదు. రేపు పొద్దున్నే తీసుకెల్దాం" అన్నాను.

ఆరున్నరకి మళ్ళీ వచ్చింది. ఈసారి ఏమీ అనలేదు. స్తంభం పక్కన నిలబడి చూసింది. పోలిరాజు లేచి "బావా, నాను రిక్షా తెత్తాను, నువ్వు లెగు" అన్నాడు. "నువ్వు కూకో పోలిరాజూ, దేవుడి కథ ఇంటే జొరం అదే దిగుద్ది" అన్నాను. పైకే అన్నాను. అందరూ విన్నారు. కొందరు చేతులు జోడించారు. త్రినాథా, ఆ క్షణంలో నాకు గర్వంగా ఉంది. ఇది ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు.

మొగుణ్ణి అడక్కుండా గడప దాటి ఆసుపత్రికి వెళ్ళడం మీ అత్తకు అలవాటు లేదు. ఆ అలవాటు లేకుండా చేసింది నేనే.

శుక్రవారం పొద్దున తీసుకెళ్ళాం. అప్పటికి తెలివి లేదు. మలేరియా మెదడుకి ఎక్కిందని డాక్టరు చెప్పాడు. "నిన్న ఎందుకు తేలేదు?" అని అడిగాడు. మీ అత్త నా వైపు చూసింది. మర్నాడు గౌరి పోయింది. నాతో ఆమె ఆఖరి మాట 'లెగు'. ఆ తరువాత ఇంతవరకూ లేదు.

ఇప్పుడు తెలిసిందా నేనేం అడుగుతున్నానో? కూతురు మళ్ళీ వస్తుందని ఆశపడి నీ సైన్సునీ నా పురాణాన్నీ ముడివేశాను. ఆ ముడి నా మెడకే పడింది. కల్పం తరువాత కల్పం ఆ పిల్ల నాకోసం కాలిపోతూ ఉంటుంది, నేను పీఠం మీద కూచునే ఉంటాను. చచ్చిపోదామంటే అదీ దారి కాదు, మళ్ళీ ఆ పీఠం మీదికే పుడతాను. నాకు ఒక్క గురువారం చాలు త్రినాథా. అంతులేని గురువారాలు నేను మొయ్యలేను.

ఇంక నన్ను ఏమైనా అను.
శ్రీరామ్మూర్తి


(కార్డు)
వన్ టౌన్
20 జులై 1978

త్రినాథుడికి. నా ఉత్తరం అంది ఉంటుంది. జవాబు లేదు. ఉండకపోవడం న్యాయమే. అయినా ఒక్క ముక్క రాయి, తిట్టయినా సరే. పోస్టుమాన్ వచ్చే వేళకి మీ అత్త కూడా గుమ్మంలోకి వస్తోంది.


క్యాంపు
3 ఆగస్టు 1978

మావయ్యకు,

నీ ఉత్తరం చదివి చింపేశాను. తరువాత ముక్కలు ఏరాను. వర్షానికి పని ఆపేసి అందరినీ పంపించేస్తే, జులై మొదట్లో విశాఖపట్నం దిగాను. మీ వీధి మొదట్లో సోడా దుకాణం దాకా వచ్చాను. నువ్వు అరుగు మీద కూచుని ఉన్నావు. పరుగెత్తుకొచ్చి నీ గొంతు పట్టుకోవాలనిపించింది. నువ్వు చాలా చిక్కిపోయావు. తిరిగి స్టేషనుకి వెళ్ళి, ఖాళీగా ఉన్న ఈ క్యాంపుకే వచ్చేశాను.

సాయంత్రం అయిదింటికీ ఆరున్నరకీ మధ్య గంటన్నర ఉంది మావయ్యా. పెద్దాసుపత్రి రిక్షాలో పావుగంట. ఇది రాయకుండా ఉండలేను. నిన్ను క్షమించానని రాయలేను. రాయగలిగే రోజు వస్తుందో లేదో తెలియదు. నా దోమతెరను కూడా నేను క్షమించలేదు.

కానీ ఒక అబద్ధం నా పేరు మీద ఉంది. అది దించుకోవాలి.

నీకు నేను రాసినది సైన్సు కాదు. విశ్వం ముడుచుకుని మళ్ళీ విచ్చుకుంటుందన్నది ఒక ఊహ. తెలిసినవాళ్ళలోనే చాలామంది ఒప్పుకోరు. ఒప్పుకున్నవాళ్ళు కూడా అదే మనుషులు, అవే రోజులు వస్తాయని అనలేదు. అది నేను కలిపాను. నువ్వు అన్నం తినాలని కలిపాను. రెండోసారి నాకోసం కలిపాను, భీమిలి ఒడ్డుకోసం. నాలుగువందల ముప్ఫై రెండు, నాలుగువందల యాభై దగ్గరగా ఉండడం కాకతాళీయం. నీ లెక్కే నిజమైతే ఈ భూమికి ఆ పగలు ఎప్పుడో దాటిపోయి చీకటి పడి ఉండాలి. పడలేదు. భూమిని నీళ్ళలోంచి ఎవరూ ఎత్తలేదు. నేను రోజూ తవ్వేది ఈ కొండల్నే. ఇవి ఒకప్పుడు సముద్రం అడుగు బురద. లోపలికి దిగి, ఉడికి, గట్టిపడి, పైకి లేచాయి. ఇప్పుడు అరుగుతున్నాయి. అరిగిన మట్టి మళ్ళీ అదే రాయి అవడం నేను చూడలేదు, ఇంకెవరూ చూడలేదు.

నీ పురాణాన్నీ నా పుస్తకాన్నీ కలపలేను. కలిపి తప్పు చేశాను. నాకు తెలిసినంతవరకు జరిగినది ఒక్కసారే జరిగింది. నీ గురువారం మళ్ళీ రాదు. నువ్వు ఆ పీఠం మీద ఇంకెప్పుడూ కూచోవు.

గౌరి కూడా రాదు. రెండిట్లో ఒకటి ఉంచి ఒకటి తీసెయ్యడం నా చేతిలో లేదు.

త్రినాథరావు


వన్ టౌన్
16 ఆగస్టు 1978

త్రినాథా,

నువ్వు సోడా దుకాణం దాకా వచ్చావని తెలిసి ఆ దుకాణం దగ్గరికి వెళ్ళి కాసేపు నిలబడి వచ్చాను.

శనివారం కోవెలకు వెళ్ళాను. పీఠం ఎక్కలేదు, కింద చాప మీద కూచున్నాను. "ఉగాది నాడు నాను సెప్పింది తప్పు, నా మేనల్లుడు నన్ను ఓదార్చడానికి రాసింది సైన్సని సెప్పీసేను" అన్నాను. తరువాత ఆ గురువారం సంగతి చెప్పాను. అయిదింటికీ ఆరున్నరకీ మధ్య ఏం జరిగిందో, అక్కడ కూచుని చూసినవాళ్ళకే మళ్ళీ చెప్పాను. ఒక ముసలామె "అయితే పురాణం అబద్దమా బాబూ?" అని అడిగింది.

"పురాణం నిజమో అబద్దమో నాకు తెల్దమ్మా. దాన్ని పట్టుకుని నాను లెగలేదు. అది నిజం" అన్నాను.

సగంమంది లేచి వెళ్ళిపోయారు. పోలిరాజు వెళ్ళలేదు, కానీ నా మొహం చూడలేదు. వాడి తమ్ముణ్ణి నేను రెండోసారి ముంచాను కదా. ఆ కోవెలలో ఇక నేను చదవను. వాళ్ళూ అడగరు.

ఇంటికొచ్చి నీ ఉత్తరం మీ అత్తకి మొదట్నుంచి చివరిదాకా చదివి వినిపించాను. గొంతు పట్టుకోవాలనిపించిందని రాసిన చోటు కూడా దాటెయ్యలేదు. ఆమె బియ్యం ఏరుతోంది. చెయ్యి ఆగింది.

నేను అన్నాను: "ఆడు రాసింది నిజమవాలని కోరుకుంతన్నాను చిలకా. గౌరి మళ్ళీ రావొద్దు. వస్తే ఆ జొరం మళ్ళీ పడాల. ఆ పిల్ల అలా ఇంకోపాలి కాలిపోకూడదు. అందుకోసం గౌరి నాకు మరి లేకపోయినా పర్లేదు." ఆ మాట అనడానికి నాకెంత పట్టిందో నీకు తెలుస్తుంది. ఏడు నెలలుగా ఆ పిల్ల వస్తుందనే మాట మీదే నిలబడ్డాను. దాన్ని నా నోటితో నేనే వద్దన్నాను.

మీ అత్త చేట పక్కన పెట్టింది. నా మొహంలోకి తిన్నగా చూసింది. జనవరి తరువాత మొదటిసారి నాతో మాట్లాడింది.

"వత్తే రానీ. ఆ పాలి నాను నిన్నడగను. నానే పిల్లని ఆసుపత్రికి ఎత్తుకెల్లిపోతాను" అంది.

మీ
శ్రీరామ్మూర్తి